పసుపుకీ పరీక్ష తప్పలేదు

సంక్రాంతి వెళ్లిందంటే ఆలూర్‌లో ఎటు చూసినా పసుపే. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లన్నిటిదీ అదే తీరు. తవ్వి తీసిన పసుపును ఉడకబెడతారు. కల్లాల్లో పరిచి రోజుల తరబడి ఎండబెడతారు. డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలిపోయి కొమ్ము నిగనిగలాడుతుంది. కొమ్ములది ఒక రాశి, గోళది ఒక రాశి. అక్కణ్నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకి. ఆ రెండు మూడు నెలలూ పనివాళ్ల అరచేతులూ, గోళ్లూ, పంచె అంచులూ అన్నీ పచ్చగానే ఉంటాయి. ఎంత రుద్దినా పోదు.

ఈ పంట కోసం ఇక్కడివాళ్లు పడ్డ పాట్లు దేశమంతా చూసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో నిలిచింది ఏకంగా 185 మంది! వాళ్లలో ఎక్కువమంది గిట్టుబాటు ధర అడుగుతూ నామినేషన్లు వేసిన పసుపు, ఎర్రజొన్న రైతులే. అడగ్గా అడగ్గా 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే.

అలాంటి ఊళ్లో ఎవరికైనా కళ్లు పచ్చబడ్డాయనుకోండి. వంటింట్లోంచి మొట్టమొదట బయటికి పోయేది పసుపు డబ్బానే! పథ్యం పేరుతో నూనె బంద్, కారం బంద్, పసుపు బంద్. ‘అసలే ఒళ్లంత పచ్చగైంది, మళ్ల కూరల పసుపెందుకే?’ అని అత్త కోడల్ని కసురుకుంటుంది. ఆలూర్ ఒక్కదాని సంగతే కాదిది, తెలుగునాట చాలా ఇళ్లల్లో ఇదే పద్ధతి.

నిజానికి కామెర్ల పచ్చదనానికీ కూరలో పసుపుకీ ఏ చుట్టరికమూ లేదు. కళ్లను పచ్చబరిచేది బిలిరుబిన్ అనే పదార్థం. కాలం తీరిన ఎర్ర రక్తకణాలు చితికినప్పుడు పుడుతుంది. కాలేయం దాన్ని పిత్తరసంలో కలిపి పేగుల్లోకి తోసేస్తుంది. దారిలో ఎక్కడైనా అడ్డుపడితే వెనక్కి తన్ని రక్తంలో చేరుతుంది. అంతే.

విచిత్రమేమిటంటే, మనం పథ్యమని దూరం పెట్టే ఆ పసుపునే అమెరికాలో పేరుమోసిన మేయో క్లినిక్ డాక్టర్లు పిత్తనాళాలు పాడైన రోగులకు మందుగా ఇచ్చి చూశారు! ఏం తేలిందన్నది తెలియాలంటే ముందు ఆ జబ్బేమిటో, దానికి మందు కనిపెట్టడం ఎందుకంత కష్టమో తెలియాలి.

పూడిపోయే కాలువలు

శ్రీరాంసాగర్ నీళ్లు పారించుకునే రైతుకి కాలువ పూడిక అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టులో నీళ్లుంటాయి. తూము ఎత్తుతారు. కానీ పిల్లకాలువలు పూడిపోతే చివరి మడికి చుక్క రాదు. వెనకున్న గట్టు మాత్రం నాని, తెగుతుంది.

కాలేయంలోనూ ఇలాంటి కాలువలే ఉన్నాయి. అది రోజుకి ముప్పావు లీటరుకు అటూ ఇటూగా పిత్తరసం తయారుచేస్తుంది. వెంట్రుక కన్నా సన్నని నాళాల్లో మొదలై, అవన్నీ కలిసి పెద్ద నాళమై, పేగులోకి చేరుతుంది. తిన్న కొవ్వు అరగాలంటే ఈ రసం కావాలి. పిత్తాశయంలో రాయి దొర్లివచ్చి నాళానికి అడ్డుపడితే పెద్ద నొప్పి, జ్వరం, హడావుడి... రాయి తీసేస్తే తీరిపోతుంది. ఇక్కడ చెప్పుకునేది అది కాదు. ఏ రాయీ లేకుండా నాళాలే ఏళ్ల తరబడి లోలోపల పాడైపోయే జబ్బులు రెండున్నాయి.

ఒకటి ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్. క్లుప్తంగా పీబీసీ. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి కాలేయంలోని సన్నని పిత్తనాళాలను కొరుక్కుతింటుంది. పదిమంది రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్లే. ఎక్కువగా నలభై దాటినవాళ్లు. రెండోది ప్రైమరీ స్క్లెరోజింగ్ కొలాంజైటిస్, పీఎస్‌సీ. ఇది పెద్ద నాళాలను కూడా వదలదు. గాయపడి, మచ్చకట్టి, అక్కడక్కడా బిగుసుకుపోయి, ఎక్స్‌రేలో నాళం పూసలదండలా కనిపిస్తుంది. ఇది మగవాళ్లలో ఎక్కువ, అదీ వయసులో ఉన్నవాళ్లలో. చాలామందికి పెద్దపేగు పూత జబ్బు కూడా తోడుగా ఉంటుంది. పిత్తనాళాల క్యాన్సర్ వచ్చే ముప్పూ ఎక్కువే.

ఆలూర్‌లో నలభై అయిదేళ్ల ఇల్లాలు ఒకావిడ ఉందనుకోండి. ఆవిడకు దురద. అరికాళ్లు, అరచేతులు, వీపు. పగలు ఎలాగో పనిలో పడి మరిచిపోతుంది. రాత్రయితే నిద్ర పట్టదు. పసుపు పనిచేసిన చేతులు కదా, పడలేదేమో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఆర్మూరులో చర్మానికి పూతమందు రాయించుకుంటారు. ఒకటి అయ్యాక ఇంకొకటి. ‘ఏం చేసినా ఆయాసమొస్తుంది, ఒంట్ల సత్తువ లేదు’ అంటే రక్తం తక్కువేమోనని టానిక్కు. ఇలా ఏడాదో రెండేళ్లో గడిచాక, ఎవరో ఒక డాక్టరు కాలేయం రక్తపరీక్ష రాస్తే, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకె ఉండాల్సినదానికి మూడింతలు ఉందని తేలుతుంది. పిత్తం పారే దారి దెబ్బతిన్నదని చెప్పే గుర్తు అది.

అప్పుడు మొదలవుతుంది ఇంకో బాధ. ఈ జబ్బు పేరులో మొన్నమొన్నటి దాకా ‘సిరోసిస్’ అనే మాట ఉండేది. లివర్ సిరోసిస్ అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న తెలిసిందేగా... ‘తాగుతారా?’ కల్లు చుక్క కూడా ముట్టని ఇల్లాలిని పట్టుకుని! ఒక్క మన దగ్గరే కాదు, లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ అదే అనుమానం. పైగా చాలామందికి జబ్బు తెలిసేనాటికి సిరోసిస్ ఉండదు కూడా. రోగుల సంఘాలు గట్టిగా అడగడంతో 2015లో డాక్టర్లు ఆ మాట తీసేసి కొలాంజైటిస్ అని పెట్టారు. పొడి అక్షరాలు మాత్రం అవే మిగిలాయి, పీబీసీ అని.

ఎలుగుబంటి ఇచ్చిన మాత్ర

ఈ జబ్బుకి మొదటి మందు ఎక్కణ్నుంచి వచ్చిందో వింటే నవ్వొస్తుంది. ఎలుగుబంటి పిత్తం నుంచి! చైనా, జపాన్ నాటువైద్యంలో దానికి వందల ఏళ్లుగా మహా గిరాకీ. 1927లో జపాన్ శాస్త్రవేత్త షోడా ఆ పిత్తంలోంచి ఒక ఆమ్లాన్ని స్ఫటికంగా వేరుచేశాడు. లాటిన్‌లో ఎలుగుబంటిని ఉర్సుస్ అంటారు. ఆ పేరుమీదే అది అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం అయింది. మందుల షాపుల్లో ‘అర్సో’ అంటే తెలియనివాళ్లుండరు. ఇప్పుడు దానికి ఎలుగుబంటి అక్కర్లేదు. పశువుల పిత్తం నుంచి ఫ్యాక్టరీల్లో తయారుచేస్తారు.

1987లో ఫ్రాన్స్ డాక్టర్ రౌల్ పూపాన్ పదిహేను మంది పీబీసీ రోగులకు దాన్నిచ్చి చూస్తే రక్తపరీక్షలు మెరుగుపడ్డాయి. పదిహేను మందితో ఏం తేలుతుంది? అందుకని తర్వాత 146 మందిని తీసుకున్నారు. సగంమందికి అర్సో, సగంమందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలీదు, ఇచ్చే డాక్టరుకీ తెలీదు. రెండేళ్లు చూసి 1991లో ఫలితం ప్రకటించారు. 1997లో అమెరికాలో పీబీసీకి అనుమతి వచ్చింది. ఇవాళ్టికీ ఆ జబ్బుకి ముందుగా రాసే మాత్ర అదే. అయితే పదిమందిలో నలుగురి దాకా దాంతో సరిపడా ఫలితం రాదు. కొత్త మందుల వేట అంతా ఆ నలుగురి కోసమే.

ఉత్తి మాత్ర ఎందుకు? జబ్బుతో ఉన్నవాడికి ఉత్తి మాత్ర ఇవ్వడం మోసం కాదా? వినగానే ఎవరికైనా వచ్చే సందేహమే. దీనికి మంచి సమాధానం ఇటీవలి పరీక్షలోనే దొరుకుతుంది. సెలడెల్పార్ అనే కొత్త మందును 193 మంది పీబీసీ రోగుల మీద ఏడాదిపాటు పరీక్షించి 2024లో వివరాలు అచ్చువేశారు. మందు తీసుకున్నవాళ్లలో నూటికి సుమారు 62 మందికి రక్తపరీక్ష అనుకున్న మేరకు దిగింది. ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో? నూటికి 20 మందికి! కొత్త మందు నలుసంతైనా తీసుకోకుండానే! జబ్బులో ఎత్తుపల్లాలు ఉంటాయి, రక్తపరీక్షలోనూ ఉంటాయి. వాటిని మందు మహిమ అనుకోకుండా ఉండాలంటే పక్కన పోల్చడానికి ఇంకో గుంపు ఉండాల్సిందే. అలాగని ఆ గుంపును గాలికి వదిలేయలేదు. అర్సో పడేవాళ్లందరూ రెండు గుంపుల్లోనూ అర్సో వాడుతూనే ఉన్నారు. కొత్త మాత్ర దానికి అదనం, అంతే. ఆ ఏడాదే సెలడెల్పార్‌కీ, ఎలాఫిబ్రనార్ అనే ఇంకోదానికీ అమెరికా అనుమతి ఇచ్చింది.

అంకె దిగింది... మనిషి?

ఇక్కడే అసలు చిక్కు. ఈ జబ్బులు ముదరడానికి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడుతుంది. మందు నిజంగా ప్రాణం కాపాడుతుందా, కాలేయం మార్పిడి అవసరం లేకుండా చేస్తుందా అని తేల్చాలంటే అన్నేళ్లూ ఆగాలి. అన్నేళ్లు ఏ కంపెనీ ఆగుతుంది? ఏ రోగి ఆగగలడు? అందుకని దగ్గరిదారి ఒకటి పట్టారు. ఏడాదిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంకె దిగితే మందు పనిచేసినట్టే లెక్క. మార్కెట్లో ధర చూసి పంట ఎలా పండిందో చెప్పినట్టన్నమాట! చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ ఎప్పుడూ కాదు.

ఎలా బోల్తాపడతారో చెప్పడానికి 2009లో వచ్చిన ఒక పరీక్ష చాలు. అది పీఎస్‌సీ మీద జరిగింది. పీబీసీకి పనిచేసిన అర్సో దీనికీ పనిచేయాలి కదా, మామూలు మోతాదు చాలకపోతే రెట్టింపు ఇద్దాం అనుకున్నారు అమెరికా వైద్యులు. 150 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి పెద్ద మోతాదు అర్సో, ఇంకో గుంపుకి ఉత్తి మాత్ర. నెలలు గడిచేకొద్దీ మందు గుంపులో రక్తపరీక్షలు ముచ్చటగా దిగాయి. అందరూ సంతోషించాల్సిందే. కానీ ఆరేళ్ల దగ్గర లెక్క చూసి పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మందు గుంపులో 39 శాతం మందికి మరణమో, కాలేయ మార్పిడి అవసరమో, ఇంకో పెద్ద ప్రమాదమో వచ్చింది. ఉత్తి మాత్ర గుంపులో 26 శాతమే!

కాగితంమీద అంకె దిగింది, మనిషి ఆరోగ్యమూ దిగింది. ఆ పరీక్ష పెట్టకపోయి ఉంటే? ‘రిపోర్టులు చూడండి, ఎంత బాగున్నాయో’ అంటూ ప్రపంచమంతా పీఎస్‌సీ రోగులకు ఆ పెద్ద మోతాదును ఇంకా మింగిస్తూనే ఉండేవారు. మంచి మనసుతోనే!

ఓబెటికోలిక్ ఆమ్లం అనే మందుదీ కొంత ఇలాంటి కథే. అర్సో పనిచేయని పీబీసీ రోగులకని 2016లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. ఆధారం రక్తపరీక్ష అంకెలు. షరతు ఏమిటంటే, ఆయుష్షు పెరుగుతుందని తర్వాత ఇంకో పరీక్షలో చూపించాలి. ఆ మందు దుష్ఫలితాల్లో మొదటిది దురద. అసలు బాధే దురద అయినవాళ్లకి! జబ్బు బాగా ముదిరినవాళ్లలో కాలేయానికే హాని జరిగిన కేసులు రావడంతో హెచ్చరికలు మొదలయ్యాయి. రెండో పరీక్షలో ఆశించిన మేలు కనబడలేదు. ఐరోపాలో 2024లోనూ, అమెరికాలో 2025లోనూ మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. 2024లో వచ్చిన రెండు కొత్త మందులకూ అదే షరతు ఉందని ఇక్కడ గుర్తుచేయాలి. అవి అంకె పరీక్ష నెగ్గాయి. ఆయుష్షు పరీక్ష వేరే ఉంది.

తెలుగు ఇంటిపేర్లు

ఈ వేటలో మన దేశం మందు ఒకటి ఉంది. సారోగ్లిటజార్. అహ్మదాబాద్‌లోని జైడస్ కంపెనీ కనిపెట్టింది. షుగర్ రోగుల్లో పెరిగే రక్తపు కొవ్వుల కోసం 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2020లో కొవ్వు పట్టిన కాలేయం జబ్బుకీ వచ్చింది. దీన్ని పీబీసీకి వాడితే ఎలా ఉంటుందన్న మొదటి పరీక్ష అమెరికాలో జరిగింది. 2022లో అచ్చయిన ఆ పత్రంలో మొదటి పేరు ఇండియానా విశ్వవిద్యాలయం కాలేయ వైద్యుడు రాజ్ వుప్పలంచిది, చివరి పేరు నాగ చలసానిది. ఆ ఇంటిపేర్లు ఎక్కడివో తెలుగువాళ్లకి వేరే చెప్పాలా!

పరీక్ష చిన్నదే. 37 మంది, 16 వారాలు. కొందరికి 4 మిల్లీగ్రాములు, కొందరికి 2, మిగతావాళ్లకి ఉత్తి మాత్ర. మందు తీసుకున్న రెండు గుంపుల్లోనూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాదాపు సగానికి పడింది. ఉత్తి మాత్ర గుంపులో మూడు శాతమే తగ్గింది. ఆహా అనుకునేలోగా ఇంకో వాక్యం ఉంది. మందు తీసుకున్నవాళ్లలో నలుగురికి కాలేయం దెబ్బతింటోందని చెప్పే వేరే ఎంజైములు పెరిగితే మందు ఆపాల్సి వచ్చింది. ఆపాక సర్దుకున్నాయి. ఆ నలుగురిలో ముగ్గురు ఎక్కువ మోతాదు వాళ్లే. పెద్ద పరీక్షకు వెళ్లేటప్పుడు 4 మిల్లీగ్రాముల మోతాదును పక్కనబెట్టారు. చిన్న పరీక్షలు ఎందుకు పెడతారో దీన్నిబట్టే అర్థమవుతుంది. పెద్ద పరీక్ష లక్ష్యం చేరిందని 2025 ఆగస్టులో కంపెనీ ప్రకటించింది.

ఇదంతా పీబీసీ సంగతి. పీఎస్‌సీ రోగికి మాత్రం జబ్బు గమనాన్ని మారుస్తుందని రుజువై, అనుమతి పొందిన మందు ఒక్కటీ లేదు. నాళం బిగిసినచోట గొట్టంతో వెడల్పు చేస్తారు. చివరికి కాలేయం మార్పిడి. మార్పిడి అంటే ఇంట్లోవాళ్లెవరో కాలేయంలో ముక్క ఇవ్వాలి, లేదా 2013లో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూడాలి. అందుకే పీఎస్‌సీ అనగానే పరిశోధకులు ఏది దొరికితే అది పరీక్షించి చూస్తారు. పసుపుకి వంతు వచ్చింది అక్కడే.

పదిహేను మందీ, పసుపూ

పసుపులో పచ్చదనాన్నిచ్చేది కర్‌క్యుమిన్. వాపులను తగ్గించే గుణం దానికి ఉందని ప్రయోగశాలల్లో ఎప్పట్నుంచో చెబుతున్నారు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1992లోనే 16 మంది పొగతాగేవాళ్లకి నెలరోజులు రోజుకి గ్రామున్నర పసుపు ఇచ్చి చూసింది. మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. (అదీ ఒక అంకే. క్యాన్సర్ తగ్గిందని కాదు.) ఇక 2010లో ఆస్ట్రియా పరిశోధకులు పీఎస్‌సీ లాంటి జబ్బు ఉన్న ఎలుకలకు కర్‌క్యుమిన్ పెడితే నాళాల వాపు, మచ్చకట్టడం తగ్గాయని చూపించారు.

ఎలుకల్లో తగ్గింది. మనుషుల్లో?

మేయో క్లినిక్ వాళ్లు రెండొందల యాభైకి పైగా రోగులను జల్లెడ పట్టారు. చివరికి మిగిలింది పదిహేను మంది. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి 750 మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్. పన్నెండు వారాలు. రోజుకి గ్రామున్నర కర్‌క్యుమిన్ అంటే ఎంత పసుపో లెక్కేయండి. పసుపులో అది మూడు శాతం అనుకుంటే యాభై గ్రాములు! ఏ ఇంట్లోనూ ఒక మనిషి రోజుకి అంత తినడు. పాలల్లో వేసుకునే చిటికెడుకీ దీనికీ పోలికే లేదు.

2019లో ఫలితం అచ్చయింది. పదిహేను మందిలో అనుకున్న మేరకు అంకె దిగింది ముగ్గురికే. మొత్తంమీద చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోగుల బాధల్లోనూ తేడా రాలేదు. హాని కూడా పెద్దగా చేయలేదు. అలాగని పసుపు ఎందుకూ పనికిరాదని తేలినట్టా? కాదు. పదిహేను మందితో, ఉత్తి మాత్ర గుంపు లేకుండా చేసిన చిన్న పరీక్ష అది. పీఎస్‌సీకి మందుగా రాయడానికి ఆధారం దొరకలేదని మాత్రం చెప్పొచ్చు. ఆర్మూరు రైతుకి ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అమెరికాలో కోట్లు పోసి చేసిన మందులు ఇదే జబ్బు దగ్గర ఇంతకన్నా ఘోరంగా బోల్తాపడ్డాయి.

కానీ పసుపు మాత్రల అమ్మకాలు పరీక్ష ఫలితాల కోసం ఆగవు కదా. కర్‌క్యుమిన్‌తో ఒక ఇబ్బంది ఉంది. మింగినదంతా ఒంటికి పట్టదు. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపించారు. అప్పట్నుంచి మిరియం కలిపిన పసుపు మాత్రలు ప్రపంచమంతటా షాపుల్లోకి వచ్చేశాయి. మందులవల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదుచేసే అమెరికా వైద్యుల బృందం 2022లో లెక్క తీస్తే, పసుపు మాత్రలవల్ల కాలేయం చెడినవాళ్లు పదిమంది తేలారు. అందరూ 2011 తర్వాతి కేసులే. అయిదుగురు ఆస్పత్రిపాలయ్యారు. ఒకరు చనిపోయారు. పరీక్షకు దొరికిన ఏడు మాత్రల్లో మూడింట్లో మిరియం ఉంది. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉందని కూడా కనిపెట్టారు. అంటే కోట్లమంది వాడినా ఎవరో కొద్దిమందికే హాని. ఆ కొద్దిమంది ఎవరన్నది ముందుగా ఎవరికీ తెలీదు.

కూరలో పసుపు గురించి కాదిది. తరతరాలుగా తింటున్నదే. వంటింటి చిటికెడు వేరు, సీసాలో మూటగట్టిన గ్రాములు వేరు.

సంతకం ఎవరిది?

ఆలూర్ ఇల్లాలి దగ్గరికి మళ్లీ వద్దాం. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి వెళ్లింది. పీబీసీ అని తేలింది. అర్సో వాడింది. ఏడాదైనా అంకె దిగలేదు. అప్పుడు డాక్టరు, ‘అమ్మా, కొత్త మందు పరీక్ష ఒకటి జరుగుతోంది, చేరతారా?’ అన్నాడనుకోండి. ఏం చేయాలి?

పరీక్ష అనగానే మన దగ్గర ఒక భయం ఉంది. అది ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. 2010లో ఆపేశారు. పిల్లల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ చెప్పింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారని బయటపడింది. పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది.

2019 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. సంతకం కాగితం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రాకపోతే ఆస్పత్రితో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. పరీక్షవల్ల ఒంటికి హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం హక్కు. మధ్యలో ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్ష మొదలవకముందే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నంబరు అడిగి తీసుకుంటే ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా కంప్యూటర్లో చూసి చెప్పగలరు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఉత్తి మాత్ర వచ్చే అవకాశం ఎంత? ఇప్పుడు వాడే అర్సో ఆపాలా, వద్దా? ఎన్నిసార్లు హైదరాబాద్ రావాలి, బస్సు చార్జీలు ఎవరిస్తారు? పసుపు తవ్వకాల టైములో రావాలంటే కుదురుతుందా? పరీక్ష అయిపోయాక మందు పనిచేస్తే అది దొరుకుతుందా? ఇవి డాక్టర్ని అవమానించే ప్రశ్నలు కావు. మంచి డాక్టరు వీటికోసమే ఎదురుచూస్తాడు. సంతకం అక్కడికక్కడే పెట్టాల్సిన పనీ లేదు. కాగితం ఇంటికి తెచ్చుకుని, పెనిమిటితోనో అన్నదమ్ములతోనో మాట్లాడుకుని, వారం తర్వాత ‘వద్దు సార్’ అన్నా ఎవరూ ఏమనడానికి లేదు.

ఇంకొకటి డాక్టరే అడుగుతాడు, ‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’ అని. మనవాళ్లు సాధారణంగా లేదనే అంటారు. కామెర్లకని తాగిన పసరు మందు చెప్పరు. తెలిసినవాళ్లు మంచిదని తెచ్చిచ్చిన పసుపు క్యాప్సూళ్లు అసలే చెప్పరు, ‘పసుపే కదా’ అనుకుంటారు. వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా సంచీలో వేసుకుని వెళ్లి, డాక్టరు బల్లమీద పెట్టాలి.